కాపురం విడిచి, పొత్తు కలిసి

పోయిన వారం ఒక మధ్యాహ్నం, బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే, ఒక యువ జంట నా ఆఫీసుకు వచ్చి, పక్కపక్క కుర్చీల్లో కూర్చుని, ఇద్దరి ఇష్టంతోనే విడాకులు కావాలని ఎంతో మర్యాదగా అడిగారు. నేను కాగితం, కలం తీసుకుని వివరాలు రాసుకోబోతుంటే, ఆ అమ్మాయి నవ్వి, మీకెందుకు మేడమ్ శ్రమ అంటూ తన ఫోను నా ముందుకు జరిపింది. ఒప్పందమంతా ఫోనులోనే ఏదో యాప్‌తో రాయించుకుని వచ్చారు. కారు ఎవరికి, ఫ్లాటు ఎవరికి అన్నవే కాకుండా, పెంపుడు కుక్క ఏ శనివారం ఎవరి దగ్గర ఉండాలో కూడా అందులో ఉంది. చేయాల్సిన దిద్దుబాట్లు నేను చెబితే అక్కడికక్కడే చేసేసి, కింద దానిమ్మ రసం తాగి పోదామా అని అనుకుంటూ మెట్లు దిగిపోయారు. నేను మాత్రం చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. ఇన్నేళ్ళు నల్లకోటు వేసుకున్నదాన్ని, విడాకుల మాట వింటే అదిరిపడే వయసు నాకు ఎప్పుడో దాటిపోయింది. అయినా ఆ పిల్లలు అంత తేలిగ్గా మాట్లాడుకుంటూ పోవడం చూసి ఎందుకో కలవరపడ్డాను. నేను చేయించిన మొట్టమొదటి విడాకులు గుర్తుకొచ్చాయి.

నేను ముందు చదివింది వ్యాపార నిర్వహణ. ఆ పట్టా చేత పట్టుకుని బెంగుళూరులో ఒక కంపెనీలో కొన్నేళ్ళు పనిచేశాను. సాయంత్రం కాలేజీలో లా కూడా అక్కడే పూర్తి చేసి, ఒకరి కింద పనిచేయడం ఇక చాలనుకుని అనంతపురం తిరిగి వచ్చేశాను. అందరూ బతుకుతెరువు కోసం ఈ కరువు నేల వదిలి బెంగుళూరు బస్సెక్కుతుంటే, ఎదురు బస్సులో దిగినదాన్ని నేనొక్కతెనే అని మా నాయన చాలా రోజులు బాధపడ్డాడు. పేరున్న సీనియర్ల దగ్గర ఆడపిల్లకు కుర్చీ దొరకడం ఆ రోజుల్లో కష్టంగానే ఉండేది. దొరికిన ఒక్క చోటా ఫైళ్ళు మోయడం తప్ప పని నేర్పలేదు. కోర్టు వెనక సందులో ఒక మిద్దె మీద గది అద్దెకు తీసుకుని, గుమాస్తా లేకుండా, జూనియరు లేకుండా, నా టైపు మిషనూ నేనూ అన్నట్టు ప్రాక్టీసు మొదలుపెట్టాను.

బోర్డు మీద నా పేరు కింద ఎం.బి.ఎ., ఎల్.ఎల్.బి. అని రాయించుకున్నందుకు నాకు మొదట వచ్చిన మనిషి, వాచిన మోకాలు చూపించుకోవడానికి మెట్లెక్కి వచ్చిన ఒక ముసలవ్వ. ఆ అక్షరాలు చూసి ఎవరో డాక్టరమ్మ అని చెప్పి పంపారట. నేను లాయరునని తెలిశాక ఆమె నన్ను చూసిన జాలి చూపు ఇప్పటికీ మరిచిపోలేను. అయితే నిదానంగా ఆ చదువే నాకు అన్నం పెట్టింది. వర్షాలు లేక, మా వైపు చెనిక్కాయ అనే వేరుశెనగ పంట చేతికి రాక, నూనె మిల్లులూ కొట్లూ పొత్తులో నడుపుతున్నవాళ్ళు ఒకరి మీద ఒకరు విసుక్కునే రోజులవి. వ్యాపారం ఎట్లా నడుస్తుందో తెలిసిన లాయరు కావాలని వాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. కోర్టుకు పోకుండా, నా గదిలోనే కూర్చోబెట్టి, వాదులాట లేకుండా విడగొట్టి పంపేదాన్ని. పొత్తులు విడగొట్టే లాయరమ్మ అని నాకొక పేరు వచ్చింది. ఆ పేరు ఎంత దూరం పోయిందో, ఎవరి చెవిన పడిందో నాకేం తెలుసు?

నా గది కిందనే ఒక మెస్సు ఉండేది. ఉదయం ఉగ్గాని బజ్జి, మధ్యాహ్నం అన్నం, సంగటి, ఊరిబిండి అనే వేరుశెనగ పచ్చడి, శుక్రవారం ఓళిగలనే బొబ్బట్లు. వాది తరపు లాయరూ, ప్రతివాది తరపు లాయరూ, వాళ్ళ కక్షిదారులూ కూడా అక్కడే ఒకే బల్ల మీద విస్తర్లు వేయించుకుని తినేవాళ్ళు. నడిపేది భార్యాభర్తలు. శింగనమల వైపు పల్లెలో పంటలు ఎండిపోయి, కూలికి వచ్చి, తోపుడుబండి మీద మొదలుపెట్టి, మెస్సు దాకా ఎదిగినవాళ్ళు. పిల్లలు లేరు. ఆమెను అందరమూ అక్క అనేవాళ్ళం, ఆయన్ను అన్న అనేవాళ్ళం. ఇద్దరినీ అట్లా పిలిస్తే ఆ వరస ఏమవుతుందో ఎవరమూ ఆలోచించలేదు. అన్న ముందు నిలబడి, వచ్చినవాళ్ళకు ఆకులు వేసి, లోపలికి కేకేసేవాడు. అక్క వంటింట్లోంచి అందించేది. ఒక మాట తూలడం గానీ, ఒక గిన్నె విసిరేయడం గానీ నేను పైనుంచి ఎన్నడూ వినలేదు. కోర్టులో మొగుడూ పెళ్ళాల గొడవలు వచ్చినప్పుడు, పోయి మెస్సులో అన్నను, అక్కను చూసి నేర్చుకోండి అని లాయర్లు అనడం నేను నా చెవులతో విన్నాను.

ఒక మధ్యాహ్నం, భోజనాల హడావిడి అయిపోయాక, అక్క చేతులు కొంగుకు తుడుచుకుంటూ నా గదికి వచ్చింది. ఎన్నడూ పైకి రాని మనిషి. మజ్జిగ తెచ్చిందేమో అనుకున్నాను. వాకిలి దగ్గరగా వేసి, నా ఎదురుగా కూర్చుంది.

"లాయరమ్మా, విడాకులు ఇప్పిస్తావా?"

"ఎవురికక్కా?"

"నాకే. యాల అట్ల చూస్తాండావు?"

నేను ఎట్లా చూశానో నాకు తెలియదు గానీ, నా చేతిలోని కలం బల్ల మీద పడి దొర్లుకుంటూ పోయి కింద పడింది. దాన్ని తీసుకునే నెపంతో వంగి, నన్ను నేను కాస్త సర్దుకున్నాను. లాయరు అడగాల్సినవన్నీ అడిగాను. తాగుతాడా అంటే లేదంది. కొడతాడా అంటే, చెయ్యి ఎత్తింది కూడా లేదంది. బయట ఎవరైనా ఆడమనిషి ఉందా అని గొంతు తగ్గించి అడిగితే, "ఆయప్పకు అంత తీరిక యాడ ఉండాది?" అని తేలిగ్గా అనేసింది.

"మరి ఏం చేసినాడక్కా?"

"ఏం జేయల్యా. అదేనమ్మా నా బాధ. పొద్దున లేస్తే ఆయప్ప నాతో మాట్లాడేది ఏందో తెల్సునా? రెండు సంగటి, ఒక అన్నం, నాలుగు ఓళిగ. అంగడి కట్టేసినాక అదీ ఉండదు. నాకు జరమొచ్చిన పొద్దు, ఈ పూట కూర ఏంది అని అడిగినాడు. మా అమ్మ పోయిందని కబురొచ్చిన పొద్దు గూడా అదే అడిగినాడు. నేను మనిషినో పొయ్యినో నాకే తెలీకుండా పోయిండాది."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఆ మాటలు చెప్పడం ఇదే మొదటిసారి గానీ, అనుకోవడం ఎప్పటినుంచో అనుకుంటున్నట్టుగా, ఒక్కొక్కటీ నిదానంగా చెప్పింది. చివరికి, నూనె మిల్లోళ్ళ పొత్తును కొట్లాట లేకుండా విడగొట్టినావంట కదా, మమ్మల్ని గూడా అట్లనే విడగొట్టు అని అడిగింది. అప్పుడు తెలిసింది నాకు, నా పేరు మెట్లు దిగి వంటింట్లోకి పోయిందని.

అన్న ఈ సంగతి విని ఏమైపోతాడోనని నాకు భయం వేసింది. మరునాడు అక్క కూరగాయలకు పోయిన వేళ చూసి కిందికి దిగాను. ఆయన విస్తరాకులు తడి గుడ్డతో తుడుస్తున్నాడు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. తిడతాడనుకున్నాను, బల్ల ఎత్తి పడేస్తాడనుకున్నాను. ఆయన ఆకులు పక్కన పెట్టి, "ఆయమ్మ అడిగిందా? నిజంగా అడిగిందా?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఎవరో తన మీది బరువు దించినట్టు ఊపిరి వదిలాడు.

"పెండ్లినాటికి నాకు మీసాలు గూడా సరింగా రాలేదమ్మా. ఏం మాట్లాడల్లనో తెలీక ఊరికుంటి. ఊరికుండేదే అలవాటైపాయ. ఇంత కాలమైనాక ఇప్పుడు మాట్లాడల్లంటే సిగ్గయితాది. ఆయమ్మ ముఖం చూస్తే తప్పు చేసినోని మాదిరి ఉంటాది నాకు. ఆయమ్మ ఎట్ల చెప్తే అట్లనే కానీ."

చెడ్డవాడిని ఎదుర్కోవడానికి చట్టం నాకు ఎన్నో దారులు నేర్పింది గానీ, ఇట్లాంటి మనిషితో ఏం చేయాలో ఏ పుస్తకంలోనూ లేదు. అయినా లాయరుగా కాకపోయినా, ఆడపడుచులాగా ఒక ప్రయత్నం చేద్దామని, ఇద్దరినీ నా గదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టి, మనసులో ఉన్నది ఒకరికొకరు చెప్పుకోండి, నేను బయట నిలబడతాను అన్నాను. బయటికి పోకముందే అన్న గొంతు సవరించుకున్నాడు. ఇదిగో మాట్లాడుతున్నాడు అని సంబరపడ్డాను.

"రేపటికి బెండకాయలు తెప్పించల్లనా?" అన్నాడు.

అక్క ఆయన వైపు చూడలేదు, నా వైపు చూసింది. "చూసినావా?" అంది. అన్న తల దించుకున్నాడు. ఆ నిమిషంలో ఆ ఇద్దరిలో ఎవరి మీద ఎక్కువ జాలిపడాలో నాకు తెలియలేదు.

చట్టం ప్రకారం పెద్ద చిక్కు ఏమీ లేదు. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒకే కప్పు కింద ఉన్నా, ఎన్నో ఏళ్ళుగా ఆమె వంటింటి పక్క గదిలో, ఆయన వరండాలో బల్ల మీద పడుకుంటూ, కాపురం లేకుండానే ఉన్నారు. అట్లా ఉన్నా విడిగా ఉన్నట్టే లెక్క. చిక్కంతా మెస్సు దగ్గర వచ్చింది. నేను నా వ్యాపార చదువునంతా బయటికి తీసి, ఒకరు ఇంకొకరి వాటా కొనుక్కోవచ్చు, లేదా అమ్మేసి పంచుకోవచ్చు, లేదా ఎవరి మెస్సు వాళ్ళు పెట్టుకోవచ్చు అని విడమరిచి చెప్పాను. ఇద్దరూ నన్ను మతి పోయినదాన్ని చూసినట్టు చూశారు. అన్నే ముందు నోరు తెరిచాడు.

"మెస్సు ఏం తప్పు చేసిందమ్మా?"

అక్క కూడా అదే మాట మీద నిలబడింది. కాపురం వద్దన్నాను గానీ మెస్సు వద్దనలేదు కదా అంది. తన వంటకు ఆయన మర్యాద, ఆయన మర్యాదకు తన వంట తోడైతేనే జనం వస్తారని ఆమెకు బాగా తెలుసు. ఒక చేత్తో విడాకుల పిటిషను, ఇంకో చేత్తో వాళ్ళిద్దరి మధ్య భాగస్వామ్య పత్రం టైపు చేస్తూ, నేను చేస్తున్నది తెలివైన పనో తెలివితక్కువ పనో తేల్చుకోలేకపోయాను. ఆ రోజు దాకా మెస్సు అన్న పేరు మీదనే ఉండేది. ఇప్పుడు ఇద్దరూ సమాన పొత్తుదారులు. అక్క ఒకే ఒక్క షరతు అడిగింది. ఇక నుంచి తనను ఏమే, ఇదో అని కాకుండా పేరు పెట్టి పిలవాలంది. ఆ పేరు ఏమిటో పిటిషనులో రాయడానికి అడిగేదాకా నాకూ తెలియదు.

సంగతి బయటికి పొక్కడానికి ఎంతో సేపు పట్టలేదు. శింగనమల నుంచి అక్క తోడబుట్టినవాడు మనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. ముందు మెస్సులో అరిచి, అక్కడ ఇద్దరూ నోరు మెదపకపోయేసరికి మెట్లెక్కి నా మీదికి వచ్చాడు.

"ఏమ్మా లాయరమ్మా, బెంగుళూరుకు పోయి నేర్చుకొని వచ్చింది ఇదేనా? మొగుడూ పెండ్లాల్ని ఇడదీసేదే నీ యాపారమా?"

సందులో జనం పోగయ్యారు. అంతమంది ముందు అట్లా మాట పడటం నా జీవితంలో అదే మొదలు. ఆయన వెళ్ళిపోయాక వాకిలి గడియ వేసుకుని బల్ల ముందు కూర్చున్నాను. ఆ తర్వాత మిల్లులవాళ్ళు రావడం తగ్గించారు. తమ ఇళ్ళలోకి కూడా ఈ గాలి సోకుతుందని భయపడ్డారేమో. మిద్దె యజమాని గది ఖాళీ చేయమన్నాడు. మా నాయన నాతో కొన్నాళ్ళు ముభావంగా ఉన్నాడు. కింద మెస్సు సంగతి ఇంకా అన్యాయం. మొగుణ్ణి వదిలే ఆడమనిషి చేతి వంట శుభకార్యానికి పనికిరాదని పెళ్ళి వంటల పనులన్నీ రద్దు చేసుకున్నారు. రోజూ తినే లాయర్లు కూడా ఇంటినుంచి కేరేజీలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం పూట నా కిటికీలోంచి చూస్తే ఖాళీ బల్లలు, వాటి మధ్య భుజం మీద తువ్వాలతో నిలబడిన అన్న కనిపించేవాడు. ఇప్పుడైనా పిటిషను వెనక్కి తీసుకుందామా అని అడుగుదామని కిందికి దిగితే, నేను నోరు తెరవకముందే అక్క చెప్పింది. మిద్దె యజమాని దగ్గరికి తానే పోయి, లాయరమ్మను పంపిస్తే మేమూ ఖాళీ చేస్తామని చెప్పి వచ్చిందట. అంత కష్టంలో ఉన్నవాళ్ళు నా కోసం పోయి నిలబడ్డారని తెలిసి, అడగాలనుకున్న మాట మింగేసి పైకి వచ్చేశాను.

ఆలోచించుకోవడానికి చట్టం ఇచ్చే ఆరు నెలల గడువు ముగిసి, చివరి వాయిదా వచ్చింది. కోర్టు హాలు కిటకిటలాడింది. జడ్జిగారు కొత్తగా బదిలీ మీద వచ్చిన పెద్దాయన, నెమ్మదస్తుడు. ఇద్దరినీ చూసి, ఇంకోసారి ఆలోచించుకోకూడదా అని అడిగి, భర్త మీద నీకున్న ఫిర్యాదు ఏమిటమ్మా అని అక్కను అడిగారు.

"ఆయప్ప మంచోడే సార్. మంచోడని కాపురం చేసేకి అయితాదా?"

ఆ మాట నేను నేర్పింది కాదు. జడ్జిగారు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. బతుకుతెరువు ఏమిటని అడిగితే మెస్సు అన్నారు. ఏ మెస్సు అంటే, పక్కన నిలబడిన అటెండరు ఆయన చెవి దగ్గరికి వంగి ఏదో చెప్పాడు. ఆయనకు రోజూ మధ్యాహ్నం కేరేజి వచ్చేది అక్కడినుంచేనని అప్పటిదాకా ఆయనకు తెలియదు. ఉలిక్కిపడి, అయితే రేపటినుంచి మెస్సు మూసేస్తారా అని అడిగేశారు. అది జడ్జి అడిగిన ప్రశ్న కాదు, ఆకలేసిన మనిషి అడిగిన ప్రశ్న.

"ఉంటాది సార్. రేపు గోంగూర పప్పు," అని అన్న జవాబిచ్చాడు. అప్పుడు జనం నవ్వారు. జడ్జిగారు కూడా నవ్వి, సంతకం చేశారు.

బయటికి వచ్చాక నేను వాళ్ళకు ఓదార్పు మాటలు చెప్పాలని వెతుక్కుంటుంటే, వాళ్ళకు నా మాటలు వినే తీరికే లేదు. అన్నాల వేళ అవుతోంది, పప్పు ఇంకా ఉడకలేదు. దాంట్లోకి ఆకుకూర మార్కెట్టుకు పోయి తేవాలని అన్న ఆటోను పిలిచాడు. ఇద్దరూ ఎక్కి పక్కపక్కన కూర్చున్నారు. అంతకుముందు ఎక్కడికి పోయినా ఆయన ముందు, ఆమె ఎంతో వెనక నడవడమే చూసినదాన్ని, భార్యాభర్తలుగా ఉన్నన్నాళ్ళు ఎన్నడూ పక్కన కూర్చోని మనుషులు, విడిపోయిన రోజు ఒకే సీటులో కూర్చుని పోతుంటే, కోర్టు ముందర ఎండలో నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

ఊరికి అసలు దిగ్భ్రాంతి ఆ తర్వాత కలిగింది. అక్క తాళిబొట్టు అమ్మి, మెస్సుకు పిండి రుబ్బే గ్రైండరు కొనింది. అన్న కూడా వెంట వెళ్ళి, మోటారు మంచిదో కాదో చూసి మరీ కొనిపించాడు. ఈ మాట విన్న మా అమ్మ చెంపలు వాయించుకుంది. నేనే కొన్ని రోజులు అక్క మెడ వైపు చూడలేకపోయేదాన్ని. పొద్దున్నే ఆ గ్రైండరు మోత నా గది గచ్చును అదరగొట్టేది.

జనం ఎన్నాళ్ళో బిగబట్టలేకపోయారు. అంత కమ్మని ఊరిబిండి ఇంకెక్కడా దొరకదు మరి. ముందు గుమాస్తాలు వచ్చారు, తర్వాత లాయర్లు వచ్చారు, ఆఖరికి నన్ను తిట్టిపోయిన ఆ అక్క తోడబుట్టినవాడు కూడా ఏదో పని మీద టౌనుకు వచ్చి, ఎవరూ చూడకుండా మూల కూర్చుని తిని పోయాడు. అన్న మొదటిసారి అక్కను పేరు పెట్టి పిలిచిన రోజు సగంలో ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. తింటున్నవాళ్ళు తలలెత్తి చూశారు. లోపలినుంచి అక్క పలికింది. అందరూ మళ్ళీ తలలు దించి తినసాగారు.

పొత్తు పత్రాలన్నిటిలోనూ రాసినట్టే, వ్యాపారానికి సంబంధించిన ఏ నిర్ణయమైనా భాగస్వాములు ఇద్దరూ కలిసి మాట్లాడుకుని తీసుకోవాలని వాళ్ళ పత్రంలోనూ నేను అలవాటుగా ఒక వాక్యం టైపు చేశాను. అన్న దాన్ని కోర్టు ఆజ్ఞలాగా పాటించాడు. మధ్యాహ్నం అందరూ తిని పోయాక, వంటింటి గడప మీద కూర్చుని, రేపు ఏం వండాలి, బియ్యం ఎక్కడ తేవాలి అని అడిగేవాడు. అక్క చెప్పేది. ఆయన కాదనేవాడు. ఈమె ఊరుకునేది కాదు. పోనుపోను ఆ మాటలు బియ్యం దగ్గర ఆగలేదు. వాన సంగతి, ఆమె మోకాలి నొప్పి, వాళ్ళ పల్లెలో ఎప్పుడో చచ్చిపోయిన ఎద్దు సంగతి, అన్నీ వచ్చేవి. ఒక రోజు నేను ఏదో దావా టైపు చేస్తుంటే కిందినుంచి ఆడమనిషి పగలబడి నవ్వడం వినిపించింది. ఎవరో కొత్తగా వచ్చారేమో అనుకుని కిటికీలోంచి తొంగి చూశాను. అక్కే. అన్న గడప మీద కూర్చుని, ఎవరినో అనుకరిస్తూ చేతులు తిప్పుతున్నాడు. ఆ గొంతుతో అక్క నవ్వగలదని అన్ని రోజులు ఆమె మీది గదిలో కూర్చున్న నాకు తెలియదు.

ఉండబట్టలేక ఒకనాడు అక్కను అడిగాను, ఇంత బాగా ఉంటున్నారు కదా, మళ్ళీ పెళ్ళి చేసుకుంటారా, నేనే దగ్గరుండి రిజిస్టరు చేయిస్తాను అని. "మళ్ళీ యాలమ్మా? ఇప్పుడు బాగుండాది గదా," అని కూరగాయలు తరుక్కుంటూనే చెప్పింది.

చాలా ఏళ్ళకు, ఒక ఎండాకాలం ఉదయం, అన్న ఆకులు వేస్తూ వేస్తూనే గుండె పట్టుకుని కూలిపోయాడు. ఆసుపత్రికి చేర్చేలోగా ప్రాణం పోయింది. పల్లెనుంచి ఆయన తమ్ముడు, బంధువులు వచ్చారు. శవాన్ని మెస్సు ముందర పడుకోబెట్టారు. విధవను చేయాలా వద్దా అని ఆడవాళ్ళ మధ్య వాదులాట మొదలైంది. విడాకులు తీసుకున్నదానికి శవం దగ్గర ఏం పని, పక్కకు పొమ్మనండి అని కొందరు. ఇన్నాళ్ళూ ఒకే చోట ఉంది కదా, గాజులు పగలగొట్టాల్సిందే అని ఇంకొందరు. ఒక పెద్దావిడ అక్క చెయ్యి పట్టుకుంది. అక్క ఆ చెయ్యి విడిపించుకుంది.

"ఇవి ఆయప్ప ఏసినవి కాదు. నేను కొనుక్కున్యావి."

ఆమె అన్న తల దగ్గర కూర్చుని, ఆయన నుదుటి మీద చెయ్యి వేసి, అప్పుడు ఏడ్చింది. నేను కోర్టు వృత్తిలో ఎన్నో ఏడుపులు విన్నాను, అట్లాంటి ఏడుపు వినలేదు. పక్కకు పొమ్మన్న ఆడవాళ్ళే వచ్చి ఆమెను పట్టుకున్నారు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని లేచి, పల్లెనుంచి వచ్చినవాళ్ళు పొద్దుననుంచి ఏమీ తినలేదని, పక్క ఇంటి పొయ్యి మీద వాళ్ళందరికీ అన్నం వండించింది. ఆయన వాటా సంగతి తర్వాత తమ్ముడితో నేనే కూర్చుని తేల్చాను, పేచీ ఏమీ రాలేదు. పొత్తుదారు పోయాక ఆమె కొంతకాలం తన పల్లె ఆడవాళ్ళను తోడు పెట్టుకుని నడిపి, మోకాళ్ళు సహకరించక మెస్సు మూసేసి, కణేకల్ దగ్గర చెల్లెలి కూతురి పక్కింట్లో చేరింది.

కరోనా కాలం దాటాక ఒకసారి చూసి రావడానికి పోయాను. కాలువ నీళ్ళతో ఆ వైపు వరి పచ్చగా ఉంది. అక్క బాగా ముసలిదైంది గానీ మాట అట్లనే ఉంది. పాత సంగతులన్నీ చెప్పుకున్నాం. ఎన్నో ఏళ్ళుగా నా మనసులో మెదులుతున్న ప్రశ్న అప్పుడు అడిగాను. ఆ గడప మీద కూర్చుని మాట్లాడినట్టు అన్న ముందునుంచీ మాట్లాడి ఉంటే, ఆ రోజు నా గదికి వచ్చి ఉండేదానివా అని.

అక్క నన్ను వింతగా చూసింది. ఇంత చదివినదానికి ఇంత మాత్రం తెలియదా అన్నట్టు.

"అప్పుడు ఆయప్ప మొగుడు గదమ్మా. మొగుడు పెండ్లాంతో యాడ మాట్లాడ్తాడు?"

ఎంత మామూలుగా అంది ఆ మాట! ఎండ కాస్తుంది, వాన కురుస్తుంది అన్నంత మామూలుగా. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఊరు చేరేదాకా నేను తేరుకోలేదు. ఇప్పుడు మా కోర్టు వరండాలో ఆడపిల్లలు స్కూటర్ల మీద ఒంటరిగా వస్తారు, తమకేం కావాలో గడగడా చెబుతారు, భర్తలు కూడా తమకేం నొప్పో చెప్పుకోవడానికి సిగ్గుపడరు. మరీ ఎక్కువ మాట్లాడేస్తున్నారని మన వయసువాళ్ళు విసుక్కుంటారు. నేనూ ఒకప్పుడు విసుక్కునేదాన్నే. ఆ రోజు బస్సులో మాత్రం, మన తరంలో, మనకు ముందు తరంలో, ఎంతమంది మంచివాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడకుండానే కాపురాలు చేసి వెళ్ళిపోయారో అనిపించి దిగులు కమ్ముకుంది. మా అమ్మా నాయనా ఇద్దరే కూర్చుని మాట్లాడుకోగా ఎప్పుడైనా విన్నానా అని గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. నీళ్ళు వచ్చాయా, బియ్యం ఉన్నాయా, బస్సు ఎప్పుడు అన్న మాటలు తప్ప ఒక్కటీ గుర్తుకు రాలేదు. వాళ్ళనే అడుగుదామంటే, ఇప్పుడు ఇద్దరూ లేరు.